యాడ్ బ్లాకర్లలో ఏది పెట్టుకోవాలి: ఎక్స్‌టెన్షనా, బ్రౌజరా, డీఎన్‌ఎస్సా?

యాడ్స్ బెడద వదిలించుకోవాలని గట్టిగా అనుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) స్టోర్‌లో వెతికితే దాదాపు ఒకే పేరుతో, ఒకేలాంటి బొమ్మలతో పేజీలకొద్దీ కనిపిస్తాయి. తెలిసినవాళ్లని అడిగితే ఒకరు బ్రౌజరే మార్చెయ్యమంటారు, ఇంకొకరు ఫోన్‌లో డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకి అంకెల చిరునామాలు చెప్పే సేవ) మార్చుకుంటే చాలంటారు, మరొకరు రౌటర్ పక్కన చిన్న కంప్యూటర్ పెట్టుకోమంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు. ఒక్కొక్కరూ ఒక్కో సమస్యకి మందు చెబుతున్నారంతే. మీ సమస్య ఏదో తేల్చుకోకుండా వాటిలో ఏదో ఒకటి పెట్టుకుంటే నాలుగు రోజులు తిరక్కుండానే "ఇది పనిచెయ్యట్లేదు" అని తీసేస్తారు. అందుకే ముందు దేన్నిబట్టి ఎంచుకోవాలో చూసి, తర్వాత ఒక్కో మార్గంలోకి వెళ్దాం.

## ముందు తేల్చుకోవలసినవి

యాడ్స్ ఎక్కడ ఇబ్బంది పెడుతున్నాయి? కంప్యూటర్‌లో సైట్లు చూసేటప్పుడా, ఫోన్ బ్రౌజర్‌లోనా, ఫోన్‌లో వేసుకున్న యాప్స్‌లోనా, స్మార్ట్ టీవీలోనా? దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. బ్రౌజర్‌లో పెట్టిన ఎక్స్‌టెన్షన్ ఆ బ్రౌజర్ దాటి ఒక్క అడుగు బయటికి వెయ్యలేదు. గేమ్ మధ్యలో వచ్చే వీడియో యాడ్ దాని కంట పడనే పడదు.

ఎంత లోతుగా ఆపాలి? మీరు ఒక వార్త లింకు నొక్కారనుకోండి. ముందుగా వచ్చేది వార్త, దాని ఫొటోలు, పేజీ అమరిక. వాటితోపాటే కొన్ని స్క్రిప్టులు (బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రాములు) దిగుతాయి. అవి వేరే కంపెనీల సర్వర్లని పలకరిస్తాయి: ఈ పేజీలో ఇంత ఖాళీ ఉంది, చూస్తున్న మనిషి ఫలానా తరహా ఫోన్‌లో, ఫలానా ప్రాంతం నుంచి, ఫలానా కుకీతో (మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచిన గుర్తుతో) వచ్చారు, ఎంతిస్తారు అని. పేజీ పూర్తిగా తెరుచుకునేలోపే, సెకనులో చిన్న ముక్కలో ఆ వేలం ముగిసిపోతుంది. పాడుకున్నవాళ్ల యాడ్ వచ్చి ఖాళీలో కూర్చుంటుంది. పాడుకోలేకపోయినవాళ్ల దగ్గరికి కూడా మీ వివరాలు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి.

యాడ్ కంటికి కనబడకపోవడం ఒకటి, ఆ పలకరింపే జరగకుండా ఆగిపోవడం ఇంకొకటి. మొదటిది చిరాకు తగ్గిస్తుంది. రెండోది చిరాకుతోపాటు డేటా ఖర్చునీ, మీ వెనకాల జరిగే నిఘానీ తగ్గిస్తుంది. మంచి బ్లాకర్ రెండు పనులూ చెయ్యాలి.

ఎవరిని నమ్ముతున్నారు? ఎక్కువమంది అసలు పట్టించుకోనిది ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. పేజీలోంచి యాడ్ తీసెయ్యాలంటే బ్లాకర్ ఆ పేజీ లోపలికి చూడగలగాలి. అందుకే పెట్టుకునేటప్పుడు "మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా అంతా చదవడానికి, మార్చడానికి" అనుమతి అడుగుతుంది. అన్ని వెబ్‌సైట్లు అంటే మీ మెయిల్, మీ బ్యాంకు కూడా. ఇంటి తాళాలన్నీ ఒక కాపలాదారు చేతికి ఇవ్వడం లాంటిది ఇది. ఉచితంగా కాపలా కాస్తానన్న ప్రతివాడికీ ఇచ్చేవి కావు ఆ తాళాలు.

పేజీ చెడిపోతే సరిచేసేది ఎవరు? ఏ బ్లాకర్ పెట్టుకున్నా ఎప్పుడో ఒకసారి ఏదో ఒక సైటు మొరాయిస్తుంది. అప్పుడు ఒక్క నొక్కుతో ఆ సైటు వరకు ఆపే వీలుందా, సెట్టింగ్స్ లోతుల్లోకి దిగాలా? వాడేది మీరే అయితే ఇది చిన్న విషయం. ఇంట్లో పెద్దవాళ్ల కోసం పెడుతుంటే చాలా పెద్ద విషయం.

వేగం, బ్యాటరీ గురించి చాలామంది అడుగుతారు. యాడ్ స్క్రిప్టులు నిండిన పేజీల్లో అవన్నీ దిగకుండా ఆగడంవల్ల కలిసొచ్చేదే బ్లాకర్ వాడుకునే మెమరీ కంటే ఎక్కువ. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

## ఎక్స్‌టెన్షన్లు

కంప్యూటర్‌లో బ్రౌజ్ చేసేవాళ్లకి మొదట చూడాల్సింది ఇవే. పేజీలో ఏ డబ్బా ఎక్కడుందో తెలిసేది బ్రౌజర్ లోపల ఉన్నవాటికే కాబట్టి, ఇవి చెయ్యగలిగినంత శుభ్రంగా బయటి నుంచి ఎవరూ చెయ్యలేరు.

ఇవి పనిచేసేది జాబితాల మీద. అందులో బాగా పేరున్నది ఈజీలిస్ట్. ఎన్నో బ్లాకర్లకి అదే పునాది. అందులో ముఖ్యంగా రెండు రకాల నియమాలుంటాయి. రెండు నిలువు గీతల తర్వాత ఒక డొమైన్ పేరు ఉంటే, ఆ చిరునామాకి వెళ్లే పిలుపుని ఆపెయ్యమని. రెండు హ్యాష్ గుర్తుల తర్వాత పేజీలోని ఒక భాగం పేరు ఉంటే, ఆ భాగాన్ని కనబడకుండా చెయ్యమని. ఇలాంటివి వేలకొద్దీ పంక్తులు. వీటిని ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు రోజూ దిద్దుతూ ఉంటారు. బ్లాకర్ బాగా పనిచేస్తోందని మనం అనుకునే చాలా సందర్భాల్లో నిజంగా పనిచేసింది వాళ్లు.

యూబ్లాక్ ఒరిజిన్. రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ 2014లో మొదలుపెట్టింది. కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, విరాళాలు కూడా తీసుకోరు, డబ్బు తీసుకుని ఎవరి యాడ్స్‌నీ వదలరు. నమ్మకం అనే కొలత దగ్గర దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. పేరు విషయంలో మాత్రం జాగ్రత్త. "ఒరిజిన్" లేని యూబ్లాక్ అని ఇంకొకటుంది. 2015లో ఆ పేరు వేరేవాళ్ల చేతికి వెళ్లింది, ఇప్పుడు దానికీ దీనికీ సంబంధం లేదు.

దీనిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడేది డ్రాపర్ గుర్తు. ఏదో సైట్లో కిందనుంచి ఎగిరొచ్చి సగం తెర కమ్మేసే "మా యాప్ వేసుకోండి" డబ్బా ఉందనుకోండి. అది యాడ్ కాదు కాబట్టి జాబితాల్లో ఉండకపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ బొమ్మ నొక్కి, డ్రాపర్ ఎంచుకుంటే పేజీ కాస్త మసకబారుతుంది. మౌస్ ఎక్కడికి జరిపితే అక్కడి భాగం రంగు మారి కనిపిస్తుంది. ఆ డబ్బా మీద నొక్కి "క్రియేట్" అంటే సరి, ఆ సైట్లో ఇక మళ్లీ రాదు. పక్కనే మెరుపు గుర్తు ఉంటుంది. దానితో తీసేసింది అప్పటికి మాత్రమే పోతుంది, పేజీ మళ్లీ తెరిస్తే తిరిగొస్తుంది. ఒక్కసారి చదవడానికి వచ్చిన పేజీకి అది చాలు.

క్రోమ్‌లో వచ్చిన మార్పు. చాలామంది గందరగోళపడేది ఇక్కడే. ఎక్స్‌టెన్షన్లు ఎలా పనిచెయ్యాలో చెప్పే పాత నిబంధనల స్థానంలో క్రోమ్ మ్యానిఫెస్ట్ వి3 అనే కొత్తవి తెచ్చింది. 2024లో పాతవాటిని ఆపడం మొదలుపెట్టి 2025లో పూర్తి చేసింది. పాత పద్ధతిలో ప్రతి పిలుపునీ ఎక్స్‌టెన్షనే చూసి, పంపాలో ఆపాలో అక్కడికక్కడే తేల్చుకునేది. కొత్త పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ ముందే నియమాల పట్టీ రాసి బ్రౌజర్‌కి ఇస్తుంది, ఆపే పని బ్రౌజర్ చేస్తుంది. ఆ పట్టీకి పరిమితులూ ఉన్నాయి. అందువల్ల అసలు యూబ్లాక్ ఒరిజిన్ ఇప్పుడు క్రోమ్‌లో పనిచెయ్యదు. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని కూడా ఉంచింది కాబట్టి అక్కడ పూర్తి శక్తితో నడుస్తుంది.

యూబ్లాక్ ఒరిజిన్ లైట్. క్రోమ్ కోసం అదే హిల్ చేసిన తేలికపాటి రూపం. మామూలు యాడ్స్‌ని బాగానే ఆపుతుంది. వెనకాల ఎడతెగకుండా నడిచే ప్రోగ్రామ్ లేదు కాబట్టి తేలిక. లోటు ఏమిటంటే, జాబితాలు విడిగా అప్‌డేట్ కావు. ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడే అవీ మారతాయి. బ్లాకర్లని తప్పించుకోవడానికి తరచూ ఎత్తులు మార్చే వీడియో సైట్లలో ఈ ఆలస్యం తెలుస్తుంది. మామూలు చదువరికి అంతగా తెలియదు.

యాడ్‌బ్లాక్ ప్లస్, యాడ్‌బ్లాక్. ఈ రెండూ పాతకాపులు, వాడకం తేలిక. కానీ రెండింటిలోనూ "ఆమోదయోగ్యమైన ప్రకటనలు" అనే ఏర్పాటు మొదట్నుంచీ ఆన్‌లో ఉంటుంది. 2011లో యాడ్‌బ్లాక్ ప్లస్ తెచ్చిన పద్ధతి ఇది. చదివేదానికి అడ్డు రాకుండా, ఇంత సైజు మించకుండా, ప్రకటన అని స్పష్టంగా రాసి ఉంటే వదిలేస్తారు. చిన్న సైట్ల దగ్గర ఏమీ తీసుకోరు. నెలకి కోటి పైగా అదనపు యాడ్ ప్రదర్శనలు దక్కే పెద్ద సంస్థలు మాత్రం అలా వచ్చిన అదనపు రాబడిలో 30 శాతం చెల్లించాలి.

దీన్ని మోసం అనడం సరి కాదని నా అభిప్రాయం. సెట్టింగ్స్‌లో ఒక్క టిక్ తీసేస్తే అది ఆగిపోతుంది, దాచిపెట్టిందేమీ లేదు. గోల చెయ్యని యాడ్స్ నాకు ఫర్వాలేదు, సైట్లు బతకాలి అనుకునేవాళ్లకి ఇది మంచి మధ్యేమార్గం కూడా. కాకపోతే ఆపేవాడు ఆపకుండా ఉన్నందుకు డబ్బు తీసుకోవడం నాకు మనసొప్పదు. మీకు అభ్యంతరం లేకపోతే హాయిగా వాడుకోవచ్చు.

నకిలీలు. 2018లో యాడ్‌గార్డ్ అనే బ్లాకర్ కంపెనీ పరిశోధకులు క్రోమ్ స్టోర్‌లో కొన్ని నకిలీ బ్లాకర్లని బయటపెట్టారు. అన్నీ కలిపి 2 కోట్ల పైగా వినియోగదారులు ఉన్నవి అవి. 2020 అక్టోబరులో ఇంకో తరహా ప్రమాదం బయటపడింది. నానో యాడ్‌బ్లాకర్ అనేది నిజమైనదే, మంచి పేరున్నదే. దాన్ని తయారుచేసినతను వేరేవాళ్లకి అమ్మేశాడు. కొత్త యజమానులు అప్‌డేట్ రూపంలో దొంగ కోడ్ చొప్పించారు. వాడేవాళ్ల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల నుంచి వాళ్లకి తెలియకుండానే లైకులు పడటం చూసి జనం గుర్తుపట్టారు. తాళాలు ఇచ్చింది ఒకరికి, చివరికి చేరింది ఇంకొకరికి. అందుకే స్టోర్‌లో నక్షత్రాలు చూసి కాకుండా, తయారుచేసినవారి సొంత పేజీలో ఉన్న లింకు ద్వారానే వెళ్లి పెట్టుకోవాలి. వాడటం మానేసిన ఎక్స్‌టెన్షన్లని ఊరికే ఉంచకుండా తీసెయ్యాలి.

## బ్లాకర్ లోపలే ఉన్న బ్రౌజర్లు

వీటిలో ముందు చెప్పుకోవాల్సింది బ్రేవ్. జావాస్క్రిప్ట్ సృష్టికర్త బ్రెండన్ ఐక్ సహవ్యవస్థాపకుడిగా మొదలైన సంస్థ. లోపలి ఇంజన్ క్రోమ్‌దే కాబట్టి సైట్లు అలవాటైనట్టే తెరుచుకుంటాయి. బ్లాకింగ్ ఎక్స్‌టెన్షన్‌గా కాకుండా బ్రౌజర్‌లోనే కలిసి ఉంటుంది, అందువల్ల మ్యానిఫెస్ట్ వి3 పరిమితులు దాన్ని తాకవు. ఫోన్‌లో కూడా అదే పద్ధతి. వేసుకుంటే చాలు, వేరే ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

తెలుసుకోవలసింది రెండు ఉన్నాయి. ఒకటి, మామూలు స్థాయిలో అది ఆ సైటు తనంతట తాను పెట్టుకున్న యాడ్స్‌ని చాలావరకు వదిలేస్తుంది. అవి కూడా పోవాలంటే షీల్డ్స్ అనే దాని బ్లాకింగ్ సెట్టింగ్‌లో అగ్రెసివ్ ఎంచుకోవాలి. రెండు, ఆ కంపెనీకి సొంత ప్రకటనల వ్యాపారం ఉంది. కొత్త ట్యాబ్ తెరిచినప్పుడు కనిపించే స్పాన్సర్డ్ బొమ్మలు దానిలో భాగమే, వాటిని ఆపుకోవచ్చు. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల చిరునామా టైపు చేస్తే తన కమిషన్ కోడ్ ఉన్న లింకుని బ్రౌజర్ తానే నింపుతోందని బయటపడింది. సీఈఓ తప్పు ఒప్పుకుని దాన్ని తీసేశారు. నేను దీనివల్ల బ్రేవ్ వద్దనను. నమ్మకం అన్న ప్రశ్న దగ్గర ఇది కూడా లెక్కలోకి రావాలంటాను.

ఒపెరా, వివాల్డీలలో కూడా బ్లాకర్ ఉంది, మీరు వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో 2019 నుంచి అందరికీ ఆన్‌లో ఉండే రక్షణ ట్రాకర్లని (సైటు నుంచి సైటుకి మీ వెంటపడే కోడ్‌ని) ఆపుతుంది తప్ప అది యాడ్ బ్లాకర్ కాదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

ఐఫోన్ సంగతి వేరు. దాని సొంత బ్రౌజర్ సఫారీలో 2015 నుంచి కంటెంట్ బ్లాకర్లు పెట్టుకోవచ్చు. వీటి పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది: బ్లాకర్ యాప్ నియమాల పట్టీని సఫారీకి అప్పగిస్తుంది, మీరు ఏ పేజీ చూస్తున్నారో దానికి తెలియదు. యాడ్‌గార్డ్ ఎప్పటినుంచో ఉంది, 2025లో యూబ్లాక్ ఒరిజిన్ లైట్ కూడా సఫారీకి వచ్చింది. ఐఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే యూబ్లాక్ ఒరిజిన్ పెట్టుకోవచ్చని మాత్రం అనుకోకండి, అక్కడి ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్లు లేవు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నాయి, యూబ్లాక్ ఒరిజిన్ అక్కడ చక్కగా నడుస్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్ల సదుపాయమే లేదు.

## డీఎన్‌ఎస్ పద్ధతి

బ్రౌజరైనా, యాప్ అయినా, టీవీ అయినా ఒక సర్వర్‌తో మాట్లాడాలంటే ముందు దాని పేరుకి సంబంధించిన అంకెల చిరునామా ఏమిటో డీఎన్‌ఎస్‌ని అడగాలి. యాడ్ సర్వర్ల పేర్లు అడిగినప్పుడు "అలాంటిది లేదు" అని చెప్పే డీఎన్‌ఎస్ పెట్టుకుంటే పిలుపు అక్కడే ఆగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ చేరలేని యాప్స్‌లోకి, టీవీలోకి ఇది చేరుతుంది.

అన్నిటికంటే తేలికైనది ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో దాన్ని తెరిచి, యాడ్‌గార్డ్ డీఎన్‌ఎస్ లాంటి సేవ ఇచ్చే పేరుని అక్కడ రాస్తే పనైపోతుంది. యాప్ వెయ్యక్కర్లేదు. వైఫైలో ఉన్నా మొబైల్ డేటాలో ఉన్నా పనిచేస్తుంది. ఏది ఆపాలో, ఏది వదలాలో మీరే నిర్ణయించుకోవాలనుకుంటే నెక్స్ట్‌డీఎన్‌ఎస్ ఉంది. నెలకి 3 లక్షల ప్రశ్నల వరకు (సర్వర్ పేరు అడిగిన ప్రతిసారీ ఒక ప్రశ్న) ఉచితం. అది దాటితే ఇంటర్నెట్ ఆగదు గానీ, ఆ నెలకి బ్లాకింగ్ ఆగిపోయి మామూలు డీఎన్‌ఎస్‌లా పనిచేస్తుంది. ఒక్క మనిషికి చాలుతుంది, ఇల్లంతటికీ పెడితే చాలకపోవచ్చు.

ఇంటి మొత్తానికి పెట్టాలనుకునేవాళ్లు పై-హోల్ వైపు చూస్తారు. రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో వేసి, రౌటర్‌లో డీఎన్‌ఎస్‌గా దాన్ని చూపించాలి. ఏ పరికరం రోజంతా ఎవరిని పలకరిస్తోందో పట్టికలో కనిపిస్తుంది. ఎవరూ చూడకుండా పక్కన పడి ఉన్న టీవీ రాత్రంతా ఎక్కడెక్కడికో కబుర్లు పంపడం చూస్తే మతిపోతుంది. కానీ ఆ చిన్న పెట్టె ఆగిపోతే ఇంట్లో అందరికీ ఇంటర్నెట్ ఆగినట్టే. ఇలాంటివి సరిచెయ్యడం ఇష్టమున్న మనిషి ఇంట్లో ఉంటేనే పెట్టుకోవాలి.

ఇక దీని హద్దులు. డీఎన్‌ఎస్‌కి కనిపించేది సర్వర్ పేరు ఒక్కటే, పేజీ కాదు. యూట్యూబ్ వీడియో, దాని యాడ్ ఒకే తరహా సర్వర్ల నుంచి వస్తాయి కాబట్టి ఒకటి ఆపితే రెండోదీ ఆగుతుంది. "డీఎన్‌ఎస్ మార్చినా యూట్యూబ్ యాడ్స్ వస్తున్నాయి" అన్న ఫిర్యాదుకి కారణం ఇదే, ఎన్ని డీఎన్‌ఎస్‌లు మార్చినా ఫలితం ఉండదు. పేజీలో యాడ్ పోయిన చోట ఖాళీ డబ్బా మిగులుతుంది, దాన్ని మూసే శక్తి డీఎన్‌ఎస్‌కి లేదు. కొన్ని టీవీలు, యాప్‌లు మీ డీఎన్‌ఎస్‌ని పట్టించుకోకుండా తమలో రాసిపెట్టుకున్న దాన్నే అడుగుతాయి. బ్రౌజర్‌లో "సెక్యూర్ డీఎన్‌ఎస్" వేరేదానికి పెట్టి ఉంటే అది కూడా పక్కదారిన వెళ్తుంది. ఇంకా, మీరు వెళ్లే ప్రతి సైటు పేరూ ఆ డీఎన్‌ఎస్ నడిపేవాళ్లకి తెలుస్తుంది. అందుకే పేరూ ఊరూ తెలియని ఉచిత డీఎన్‌ఎస్‌ల జోలికి వెళ్లవద్దు.

ఫోన్‌లో లోకల్ వీపీఎన్ (ఫోన్ నుంచి వెళ్లే పిలుపులన్నీ ముందు ఫోన్‌లోనే ఒక యాప్ గుండా వెళ్లే ఏర్పాటు) పెట్టి యాడ్స్ ఆపే యాప్‌లు కూడా ఉన్నాయి. ఏ యాప్‌కి ఏది ఆపాలో విడిగా చెప్పుకోవచ్చు, అదీ వాటి లాభం. ఆండ్రాయిడ్‌లో ఒకసారికి ఒకే వీపీఎన్ నడుస్తుంది కాబట్టి ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లకి ఇవి పనికిరావు.

## ఒక్క చూపులో

| మార్గం | ఎక్కడ పనిచేస్తుంది | ఎంత లోతుగా | ఎవరిని నమ్మాలి | పేజీ చెడితే |
|---|---|---|---|---|
| ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఒరిజిన్ | కంప్యూటర్, ఆండ్రాయిడ్ బ్రౌజర్ | అన్నిటికంటే లోతు | ఎక్స్‌టెన్షన్ చేసినవారిని | ఒక్క నొక్కు |
| యూబ్లాక్ ఒరిజిన్ లైట్ | క్రోమ్, సఫారీ | బాగా, కొత్త ఎత్తుల దగ్గర ఆలస్యం | ఎక్స్‌టెన్షన్ చేసినవారిని | ఒకట్రెండు నొక్కులు |
| యాడ్‌బ్లాక్ ప్లస్ | చాలా బ్రౌజర్లు | కొన్ని యాడ్స్ వదిలేస్తుంది | కంపెనీని, దాని ఒప్పందాలని | ఒక్క నొక్కు |
| బ్రేవ్ | కంప్యూటర్, అన్ని ఫోన్లు | బాగా | బ్రౌజర్ కంపెనీని | ఒక్క నొక్కు |
| ప్రైవేట్ డీఎన్‌ఎస్ | ఆండ్రాయిడ్ ఫోన్ మొత్తం | పైపైన, కానీ యాప్స్‌లో కూడా | డీఎన్‌ఎస్ నడిపేవారిని | మొత్తం ఆపాలి |
| పై-హోల్ | ఇంటి నెట్‌వర్క్ మొత్తం | పైపైన, టీవీలో కూడా | మీ మీద మీకు నమ్మకం ఉండాలి | పట్టిక తెరిచి వెతకాలి |

## ఎవరికి ఏది

కంప్యూటర్‌లో ఎక్కువ చదివేవాళ్లకి, బ్రౌజర్ మార్చుకోవడానికి ఇబ్బంది లేనివాళ్లకి ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఒరిజిన్. దీని మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. క్రోమ్ వదల్లేనివాళ్లకి యూబ్లాక్ ఒరిజిన్ లైట్. ఆఫీసు కంప్యూటర్ అయితే ఏదైనా పెట్టే ముందు ఐటీవాళ్లని అడగండి.

ఫోన్‌లో గేమ్స్, ఉచిత యాప్స్ ఎక్కువగా వాడేవాళ్లకి, పిల్లల చేతిలో ట్యాబ్లెట్ పెట్టేవాళ్లకి ప్రైవేట్ డీఎన్‌ఎస్ మొదటి మెట్టు. ఐదు నిమిషాల పని. దానితోపాటు బ్రౌజింగ్‌కి ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ లేదా బ్రేవ్ వాడితే రెండు వైపులా కాస్త కాపు ఉంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

ఇంట్లో పెద్దవాళ్ల విషయం విడిగా చెప్పాలి. మనకి యాడ్ అంటే చిరాకు. వాళ్లకి అది ప్రమాదం. ఒక ఫైలు దింపుకుందామని వెళ్తే అసలు బటన్ చిన్నగా ఒక మూలన ఉంటుంది, దాని పైన ఆకుపచ్చగా పెద్దగా మెరిసే "డౌన్‌లోడ్" బటన్ యాడ్. ఎప్పుడూ వాడేవాళ్లకి తేడా తెలుస్తుంది. కొత్తగా ఫోన్ పట్టుకున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అని వణికించే పేజీలు ఇంకో రకం. వీటన్నిటికంటే ఘోరం సెర్చ్ ఫలితాల పైన వచ్చే నకిలీలు. బ్యాంకు పేరు కొడితే మొదట కనిపించేది బ్యాంకు సైటు కాకుండా, దానిలాగే తయారుచేసిన దొంగ సైటు యాడ్ కావచ్చు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ సరిగ్గా ఈ మోసం గురించి హెచ్చరిస్తూ, సెర్చ్ చేసేటప్పుడు యాడ్ బ్లాకింగ్ ఎక్స్‌టెన్షన్ వాడమని ప్రజలకి సలహా ఇచ్చింది. ఒక పోలీసు దర్యాప్తు సంస్థ ఆ మాట అన్నదంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

వాళ్ల కోసం పెట్టేటప్పుడు లోతు కంటే ప్రశాంతత ముఖ్యం. అదనపు జాబితాలన్నీ టిక్ పెట్టి ఉంచొద్దు, మొదట వచ్చినవే చాలు. జాబితాలు పెరిగేకొద్దీ సైట్లు చెడే అవకాశం పెరుగుతుంది, చెడినప్పుడు పక్కన మీరు ఉండరు. కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఒరిజిన్, ఫోన్‌లో బ్రేవ్. ఏదైనా పేజీ తెరుచుకోకపోతే ఏ బటన్ నొక్కాలో దగ్గర కూర్చుని, వాళ్ల చేతే ఒకసారి నొక్కించండి. డీఎన్‌ఎస్ బ్లాకింగ్ మాత్రం వాళ్ల ఫోన్‌లో ఆలోచించి పెట్టండి. ఏదైనా యాప్ తెరుచుకోకపోతే దానికి కారణం డీఎన్‌ఎస్ అని వాళ్లకి తోచదు, ఫోన్ పాడైందనుకుంటారు.

మరి రాసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్ల సంగతి? ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేను. చాలా సైట్లకి యాడ్స్ తప్ప వేరే ఆధారం లేదు. అలాగని వేలంలో నా వివరాలు అందరికీ పంచడానికీ, దొంగ బటన్లకీ ఒప్పుకోవడం దానికి పరిష్కారం కాదు. బ్లాకర్ ఆన్‌లోనే ఉంచి, మీరు రోజూ వెళ్లే, మర్యాదగా యాడ్స్ పెట్టే సైట్లకి మాత్రం మినహాయింపు ఇవ్వండి. చందా కట్టే వీలుంటే ఇంకా మంచిది. మీరు ఎవరికి మేలు చెయ్యాలనుకుంటున్నారో ఎంచుకునే వీలు అప్పుడు మీ చేతిలో ఉంటుంది. "బ్లాకర్ తీసేస్తేనే చదవనిస్తాం" అనే సైట్ల దగ్గర నా పద్ధతి: నమ్మకమైన సైటైతే దానికి మినహాయింపు, కాకపోతే వెనక్కి వచ్చెయ్యడం. ఆ గోడని దాటించే కొత్త ఎక్స్‌టెన్షన్ కోసం వెతకడం మొదలుపెడితే నకిలీల చేతిలో పడేది అప్పుడే.

## పేజీ మొరాయించినప్పుడు

డబ్బు కట్టే పేజీలో చక్రం అలా తిరుగుతూనే ఉంది, లేదా ఫారం కింద "సబ్మిట్" నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ముందుగా బ్లాకర్‌ని ఆ సైటు వరకు ఆపండి. యూబ్లాక్ ఒరిజిన్‌లో పెద్ద పవర్ గుర్తు, బ్రేవ్‌లో సింహం బొమ్మ నొక్కితే వచ్చే షీల్డ్స్ స్విచ్. పేజీని మళ్లీ లోడ్ చెయ్యండి. డబ్బు వ్యవహారం మధ్యలో ఉంటే మళ్లీ లోడ్ చేసే ముందు ఖాతాలోంచి డబ్బు వెళ్లిందో లేదో చూసుకోండి.

అప్పటికీ కదలకపోతే డీఎన్‌ఎస్ వంతు. వైఫై ఆపి మొబైల్ డేటాలో తెరిచి చూడండి. పనిచేస్తే తప్పు ఇంట్లోని పై-హోల్‌దో, రౌటర్‌దో. రెండు చోట్లా పనిచెయ్యకపోతే ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ని కాసేపు ఆఫ్ చేసి చూడండి. ఇంకా కదలకపోతే ఆ సైటే పడుకుని ఉండొచ్చు.

ఒకే బ్రౌజర్‌లో రెండు బ్లాకర్లు మాత్రం పెట్టొద్దు. యాడ్‌బ్లాక్ ప్లస్ ఉండగానే యూబ్లాక్ ఒరిజిన్ పెడితే రెట్టింపు రక్షణ రాదు. ఒకటి సరిచేసిన చోట ఇంకొకటి అడ్డుపడుతుంది, పేజీ చెడితే ఏది చెడగొట్టిందో తెలియదు, తాళాలు మాత్రం ఇద్దరి చేతికి వెళ్తాయి. కొత్తది పెట్టే ముందు పాతది ఆఫ్ చెయ్యడం కాదు, పూర్తిగా తీసెయ్యండి.